మూల మీది వరి

కోతపండుగ ఆదివారం.
గుడి ముంగట రేకుల పందిరి గుంజలకు
మక్క కంకులు కట్టిండ్రు.
లోపల బల్ల మీద జాగ లేదు:
గుమ్మడికాయలు, బుడమకాయలు, పచ్చి పసుపు కొమ్ములు,
స్తెఫను సారు తెల్ల సంచిల కుక్కి తెచ్చిన పత్తి.
కాళ్లు కట్టేసిన కోడిపెట్ట ఒకటి
ప్రార్థన నడుమ నడుమ
అందరికన్న ముందే ఆమెనంటాంది.

అన్నింటి కింద, బల్ల కాలు పొంట
నా వరికట్ట.
పిడికెడు. మహా ఉంటే పిడికెడున్నర.

నాకు గుంట భూమి లేదు.
ఆధార్ కార్డుల ఎల్లమ్మను,
గుడి రిజిస్టర్ల ఎలీసబెతును,
మేస్త్రి చీటీల ఉత్త నిలువుగీతను.

కోత మిషన్ వచ్చినంక మాకు కోత లేదు.
నాటున్నది, కలుపున్నది, నడుమునొప్పి ఉన్నది,
కోతే లేదు.
తమిళ డ్రైవరు పాటలు పెట్టుకొని
గంటల ఎకరం మింగి
వడ్లొక దిక్కు, గడ్డొక దిక్కు ఉమ్మేసి పోతడు.
పరిగె ఏరుదామంటే గొలుసు చక్రాల కింద
కంకులన్నీ బురదల కూరుకపోయి ఉంటయి.
ఒక్క మూలలే దానికి చాతగాదు.
పెద్ద పానం, ఒడ్డు కాడ మర్లరాదు.
మడికి నాలుగు దిక్కుల
నాలుగు చాపలంత వరి నిలవడి ఉంటది.
గది కోసెతందుకు మమ్ముల పిలుస్తరు.
మొన్న జక్కరయ్య మడిల నేనే కోసిన.
రెండొందలు, ఒక చాయ.

అయ్యగారు వాక్యం చెప్తాండు.
చేను కోసేటప్పుడు మూలలు ఒడవంగ కోయొద్దట,
బీదోళ్లకు, దిక్కు లేక వచ్చినోళ్లకు ఇడువాల్నట,
దేవుడు ఎన్నడో చెప్పి పెట్టిండట.
ముప్పై ఏండ్ల సంది గుడికి వస్తాన,
గీ మాట ఇనలె.
ఇన్ననేమో. అప్పుడు చేనంత మేమే కోస్తుంటిమి,
మూల గురించి యాది పెట్టుకునే పని లేకుండె.

మిషన్‌కు వాక్యం తెల్వది.
బాప్తిస్మం లేదు, చందా కట్టది.
అయినా మూలలు ఇడిసిపెడ్తది.
అది ఇడిసింది గూడ
కొడవలి పట్టుకొని ఊడ్చుకచ్చేది
నేను.

చెప్తే తప్పా, చెప్పకుంటే తప్పా,
నాలుగో మూల కాడ ఒక గుప్పెడు
రొండిన చెక్కుకున్న.
తుంగపోచ తోటి ముడేసిన.
బల్ల కింద ఉన్నది గదే.
దొంగతనమో, నాకు ఇడిసిందో
అయ్యగారినే అడుగుదామనుకున్న.
అంతల కోడి తాడు తెంపుకున్నది,
పిలగాండ్లంత దాని ఎంబడి పడ్డరు.

ఆరాధన అయినంక వేలం.
గుడికి సున్నం, మైకుకు కొత్త డబ్బా.
సెక్రెటరీ దానియేలు గుమ్మడికాయను
సంటిపిల్ల లెక్క ఎత్తిండు: మూడొందల పది.
కోడి కాడ బావ, బామ్మర్ది మొండికి పడి
ఆరువందల యాభైకి తెచ్చిండ్రు,
ఇద్దరి పెండ్లాలు తలలు పట్టుకున్నరు.
ఆఖరుకు నా కట్ట.
"ఎవల్దో, పేరు రాయలె. పది రూపాలు!"
నవ్విండ్రు.

జక్కరయ్య లేచిండు.
"యాభై."
పోటీకి ఎవలు రాలె.
కట్టను అందుకొని ఇటు తిప్పి అటు తిప్పి చూసిండు.
వెయ్యిపది వడ్లు, ఆయన పోసిన నారు,
ఆయనకు తెల్వదా.
ముడి చూసిండు.
ఆడోళ్ల దిక్కు చూసిండు.
చదువు రాని నేను పాటల పుస్తకం తెరిచి
దాంట్ల తల పెట్టిన.
పక్కనున్న పిల్ల మెల్లగ
పుస్తకాన్ని సీదా తిప్పింది.

బంతిల కూసున్నప్పుడు
అన్నం బకెట్టు పట్టుకొని ఆయనే వచ్చిండు.
గంటె నిండ వడ్డిచ్చి, వంగి, ఎవలు ఇనకుండ అన్నడు:
"తేమ ఎక్కువున్నదని నా వడ్లు
పన్నెండొద్దుల సంది కుప్ప మీదనే ఉన్నయి.
కాంటా కాలె.
నీయి అమ్ముడువోయినయి గదనే, ఎల్లక్కా."

నవ్విండా, ఏందా, మొకం చూడలె.
చారు వస్తాంది.
పారిపోకుండ విస్తరాకుల
అన్నానికి చుట్టూ ఒడ్డు పెట్టుకున్న.
గుండ్రంగ వచ్చింది,
మూలలు లేకుండ.